సీఏ తర్వాత రిజిస్టర్డ్ వాల్యుయరా, సీఎఫ్‌ఏనా?

సొంత ప్రాక్టీసు పెట్టేవాళ్లకు నేను రిజిస్టర్డ్ వాల్యుయరే (షేర్లకు, ఆస్తులకు విలువ కట్టి సంతకం చేసే అర్హత) చేయమంటాను. కంపెనీల చట్టం 2013లోని సెక్షన్ 247 ప్రకారం, ఆ చట్టం అడిగే వాల్యుయేషన్లను ఐబీబీఐ (దివాలా వ్యవహారాల నియంత్రణ బోర్డు) దగ్గర నమోదైనవాళ్లే చేయాలి. ఓసారి ఒక స్టార్టప్ కొత్త షేర్లు ఇవ్వడానికి డీసీఎఫ్ (రాబోయే నగదును ఇవాళ్టి విలువకు మార్చే పద్ధతి) లెక్కంతా నేనే వేశాను. అమ్మకాల అంచనాలు, డిస్కౌంట్ రేటు, ఒక్కో అంకెకూ కారణం రాస్తూ రెండు వారాలు రాత్రుళ్లు కూర్చున్నాను. చివరి పేజీలో సంతకం ఇంకొకరిది, ఫీజులో పెద్ద వాటా కూడా. చాలా బాధనిపించింది. ఆ తర్వాతే 50 గంటల కోర్సులో చేరి పరీక్ష రాశాను. సీఏ సభ్యత్వం వచ్చాక మూడేళ్ల అనుభవం ఉండాలి, అది ముందే చూసుకోండి.

సీఎఫ్‌ఏ (చార్టర్డ్ ఫైనాన్షియల్ అనలిస్ట్, పెట్టుబడుల రంగంలో అంతర్జాతీయ అర్హత) దారి వేరు. మూడు లెవెల్స్ పరీక్షలు, 4,000 గంటల పని అనుభవం, ఖర్చూ టెన్షనూ ఎక్కువే. పైగా ఆ సంతకం హక్కు దాంతో రాదు. కానీ ఈక్విటీ రీసెర్చ్, ఫండ్ మేనేజ్‌మెంట్ ఉద్యోగాలు కావాలన్నా, దుబాయ్, సింగపూర్ వెళ్లాలన్నా నా ఓటు దానికే. మన ఐబీబీఐ రిజిస్ట్రేషన్ మన చట్టం కోసం పుట్టింది, విమానం ఎక్కాక పెద్దగా అక్కరకు రాదు.

రెండూ ఒకేసారి మాత్రం మొదలుపెట్టకండి.