జాగ్రత్త: "ఆరు నెలల్లో నడిపిస్తాం" అనే ప్యాకేజీకి ముందే మొత్తం కట్టకండి

సెరిబ్రల్ పాల్సీ (సీపీ, మెదడు దెబ్బతినడం వల్ల కదలికల్లో వచ్చే ఇబ్బంది) ఉన్న పిల్లల అమ్మానాన్నలకు మాత్రమే ఈ పోస్ట్. హైదరాబాద్‌లో ఒక థెరపీ సెంటర్ వాళ్లు మా బాబుని సరిగ్గా పరీక్షించకుండానే "ఆరు నెలల్లో వాకర్ తీసేస్తాం, గ్యారంటీ" అని చెప్పి ప్యాకేజీ డబ్బంతా అడ్వాన్స్‌గా కట్టించుకున్నారు.

మా వాడికి ఏడేళ్లు. డైప్లీజియా, రెండు కాళ్లూ బిగుసుకుంటాయి. జీఎంఎఫ్‌సీఎస్‌లో (పిల్లలు ఎంతవరకు కదలగలరో 1 నుంచి 5 వరకు చెప్పే కొలమానం, 5 అంటే ఇబ్బంది ఎక్కువ) 3వ లెవెల్, అంటే వాకర్ పట్టుకుని నడిచే పిల్లాడు. ఈ వయసు వచ్చాక లెవెల్ సాధారణంగా మారదు. అలాగని థెరపీ దండగ కాదు: ఇంకాస్త దూరం నడవొచ్చు, తూలకుండా నిలబడొచ్చు, బాత్రూంకి తనే వెళ్లి రావొచ్చు. గ్యారంటీ మాత్రం పచ్చి అబద్ధం.

లోపలికి మమ్మల్ని రానివ్వరు, పిల్లలు మారాం చేస్తారట! ఒకరోజు తలుపు తెరిచి ఉంటే చూశాను. ట్రెడ్‌మిల్ మీద బెల్టులకు వేలాడుతున్నాడు. మడమలు ఆనడం లేదు, కాలివేళ్లు కింద తిరిగే పట్టాకి రాసుకుపోతున్నాయి, ఏఎఫ్‌ఓలేమో (పాదం, చీలమండను సరిగ్గా నిలబెట్టే పట్టీలు) బ్యాగులోనే ఉన్నాయి. పక్కన అసిస్టెంట్ రీల్స్ చూసుకుంటోంది. తర్వాత వైబ్రేషన్ మెషిన్, ఆపైన కాళ్లు లాగి వదలడం. వాడు తనంతట తాను చేసింది ఒక్కటీ లేదు.

ట్రెడ్‌మిల్‌ను తప్పుపట్టడం లేదు, సరిగ్గా వాడితే పనికొస్తుంది. కానీ బ్యాలెన్స్ రావాలంటే పిల్లాడే కదలాలి: స్టూల్ మీంచి లేవడం, పక్కకి అడుగులేయడం, కింద పడ్డ బొమ్మ వంగి తీయడం, మెట్లెక్కడం. ఇప్పుడు చూస్తున్న ఫిజియో మేడమ్ మొదటి రోజే మా బాత్రూం గడప ఎంత ఎత్తుందని అడిగారు, అంతే ఎత్తు చెక్క పెట్టి దాటిస్తున్నారు. పాత సెంటర్‌లో జీఎంఎఫ్‌ఎం స్కోరు (కూర్చోవడం, నిలబడడం, నడవడం లాంటివి ఎంత చేయగలడో కొలిచే పరీక్ష) గానీ, ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడుస్తాడన్న లెక్క గానీ ఎప్పుడూ తీయలేదు. తుంటి ఎక్స్‌రే సంగతే ఎత్తలేదు. 3, 4, 5 లెవెల్స్‌లో తుంటి కీలు పక్కకు జరిగే ప్రమాదం ఎక్కువ కాబట్టి అది మీరే గుర్తుపెట్టుకుని అడగండి.

మార్పేమీ లేదని నిలదీస్తే స్టెమ్ సెల్ ఇంజెక్షన్ వేయిద్దామన్నారు. 2017 నాటి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాల ప్రకారం సీపీకి దాన్ని అనుమతి పొందిన ట్రయల్‌లో తప్ప వాడకూడదు, ట్రయల్ అయితే డబ్బు తీసుకోకూడదు.

మిగిలిన సెషన్ల డబ్బు అడిగితే రసీదు వెనక చిన్న అక్షరాల్లో ఉన్న "నాన్ రిఫండబుల్" చూపించారు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాం, ఇంకా తేలలేదు. ఈలోపు ఎవరైనా ప్యాకేజీ కట్టబోతుంటే నెలనెలా చెల్లిస్తామని చెప్పండి, సెషన్‌లో పక్కనే కూర్చుంటామని అడగండి. రెండిటికీ ఒప్పుకోకపోతే వచ్చేయండి. ప్రభుత్వ డీఈఐసీల్లో (పిల్లల ఎదుగుదల సమస్యలు చూసే జిల్లా కేంద్రాలు), మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఉన్న భవిత కేంద్రాల్లో ఫిజియోథెరపీకి పైసా తీసుకోరు. సీపీ లాంటి సమస్యలున్నవాళ్లకు కేంద్రం ఇచ్చే నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల వరకు ఉంటుంది, థెరపీ బిల్లులకూ కొంత వస్తుంది.