రావెన్నాలో రెండు రోజులు

ఇటలీలోని బొలోన్యా నగరం నుంచి రైలులో గంటకు కాస్త పైన పట్టే ప్రయాణమే కాబట్టి, రావెన్నాను చాలామంది పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగివచ్చే ఊరిగానే లెక్కవేస్తారు. మేమూ అలాగే అనుకుని, చివరి నిమిషంలో ఒక రాత్రి బస కలుపుకున్నాం. 402లో పశ్చిమ రోమన్ సామ్రాజ్యానికి రాజధాని అయిన ఈ ఊళ్లో యునెస్కో గుర్తించిన కట్టడాలే ఎనిమిది ఉన్నాయి. వాటిని ఒక్క పూటలో చుట్టబెట్టడమంటే పరుగు తప్ప మరేమీ మిగలదు.

ముఖ్యమైన అయిదు చోట్లకు ఒకే టికెట్టు ఇస్తారు. అయితే రోమన్ సామ్రాజ్ఞి గాలా ప్లాచిడియా పేరిట ఉన్న సమాధి మందిరానికి ప్రవేశ సమయాన్ని ముందే ఎంచుకోవాలి, లోపల కొద్ది నిమిషాలకు మించి నిలబడనివ్వరు. బయటినుంచి ధాన్యపు కొట్టంలా కనిపించే ఆ చిన్న ఇటుక కట్టడంలోకి అడుగుపెట్టాక, పలుచని చలువరాతి పలకలగుండా వచ్చే తేనెరంగు వెలుగుకు కళ్లు అలవాటుపడేసరికే సగం సమయం అయిపోతుంది. ఆపైన ముదురు నీలం కప్పు మీద బంగారు నక్షత్రాలు తేలివస్తాయి. పక్కనే 547లో ప్రతిష్ఠ జరిగిన సాన్ వితాలె చర్చిలో బైజాంటియం (తూర్పు రోమన్ సామ్రాజ్యం) చక్రవర్తి జస్టీనియన్, ఆయన భార్య థియొడోరా ఎదురెదురు గోడల మీద, చిన్న రంగు ముక్కలు అతికించి చేసే మొజాయిక్ చిత్రాలలో పరివారంతో నిలబడి ఉంటారు. అక్కడ తొందరపెట్టేవారు లేరు.

నాకు అన్నిటికంటే గుర్తుండిపోయింది మాత్రం సాంతపొలినారె నువోవో చర్చి. గోత్ అనే జర్మానిక్ తెగ రాజు థియొడోరిక్ కట్టించిన ఈ చర్చి, 540లో ఊరు బైజాంటియం వశమయ్యాక చేతులు మారింది. కొత్త పాలకులు గోడ మీది మొజాయిక్ రాజభవన చిత్రంలోని మనుషులను తొలగించి, వారి స్థానంలో తెరలు అతికించారు. కానీ స్తంభాల మీదికి చాచిన కొన్ని చేతులను తీయకుండా వదిలేశారు. శరీరాలు లేని ఆ చేతుల కోసం మెడ నొప్పెట్టేదాకా వెతికాం.

ఊరి అంచున ఉన్న థియొడోరిక్ సమాధికి పైకప్పు పది మీటర్లకు పైగా వెడల్పున్న ఒకే రాయి. లోపల చూడదగినది పెద్దగా లేదు కనుక అలసిపోయినవారు బయటినుంచి చూసినా చాలు. 1321లో ఇక్కడే కన్నుమూసిన ఇటాలియన్ కవి దాంతే సమాధి చిన్నది, ప్రవేశం ఉచితం. ఆయనను వెలివేసిన ఫ్లోరెన్సు నగరమే అక్కడి దీపానికి ఏటా నూనె పంపుతుంది. పక్కనున్న సాన్ ఫ్రాంచెస్కో చర్చి నేలమాళిగ నీటితో నిండి, అందులో చేపలు తిరుగుతుంటాయి.

మ్యూజియాలలో ఒక్కటే చూడగలిగితే, 2018లో పాత చక్కెర కర్మాగారంలో తెరిచిన క్లాసిస్‌ను ఎంచుకోమంటాను. ఊరి చరిత్ర క్రమం అక్కడ తెలుస్తుంది, ఊరి పక్కనున్న క్లాస్సె అనే చోట సాంతపొలినారె పేరుతోనే ఉన్న మరో చర్చి కూడా దగ్గరే.

మా బస స్టేషనుకు నడక దూరంలోనే ఉన్నా లిఫ్టు లేదు, ఆ సంగతి బుకింగులో చెప్పలేదు. మూడంతస్తులు పెట్టెలు మోశాం. భోజనానికి ఇబ్బంది లేదు. పియదీనా అనే పలుచని రొట్టెలో మెత్తని జున్ను, ఆకుకూర పెట్టి ఇస్తారు. అయితే పిండిలో పంది కొవ్వు కలిపే పద్ధతి కూడా ఉంది కనుక, శాకాహారులు ఆలివ్ నూనెతో చేసినదేనా అని ముందే అడగాలి.