నాన్న పాత రేజరా, కొత్త ఎలక్ట్రిక్ షేవరా?

నాన్న రేజరు పిడి మీది గీతలు అరిగి నున్నబడ్డాయి. పైపూత పోయి లోపలి ఇత్తడి కనిపిస్తోంది. అయినా మార్చనంటారు. జిల్లెట్ 1903లో అమ్మకానికి తెచ్చిన రెండంచుల బ్లేడు పద్ధతే అది. ఉన్నదాన్నే ఉండనిద్దామా, షేవర్ కొనిద్దామా?

ఖర్చు: రేజరుకి బ్లేడు ఒక్కటే ఖర్చు, అదీ చవక. షేవరుకి మొదట్లోనే ఎక్కువవుతుంది, కొన్నాళ్లకి లోపలి బ్లేళ్లూ మార్చాలి.

శ్రమ: రేజరుకి నురగ, అద్దం, తీరిక కావాలి. షేవరైతే కుర్చీలో కూర్చునే పని అయిపోతుంది. కానీ నాన్నకి ఇష్టమైంది ఆ తీరికే. బ్రష్షుతో నురగ పట్టించేటప్పుడు ఆయన ముఖం చూడండి, తెలుస్తుంది.

నునుపు: రేజరుదే పైచేయి.

ప్రమాదం: ఇక్కడ ఆగి ఆలోచించాలి. వయసుతో చర్మం పలచబడి, వదులై ముడతలు పడుతుంది. రేజరుని సుమారు 30 డిగ్రీల వాలులో, నొక్కకుండా, దాని బరువుతోనే లాగాలి. చెయ్యి వణికితే ఆ వాలు తప్పుతుంది. రక్తం గడ్డకట్టకుండా మందులు వాడేవాళ్లకి చిన్న గాటు పడినా నెత్తురు తొందరగా ఆగదు. షేవరులో పదును జాలీ వెనక ఉంటుంది కాబట్టి తెగే భయం బాగా తక్కువ.

చెయ్యి నిలకడగా ఉండి చూపు బాగుంటే పాత రేజరే ఉండనివ్వండి. బ్లేడు మాత్రం మొద్దుబారకముందే మీరే మార్చిపెట్టండి. వణుకు ఉన్నా, ఆ మందులు వాడుతున్నా షేవరే మేలు. అప్పుడు కూడా ఆయన రేజరుని తీసి దాచేయకండి, అద్దం దగ్గరే ఉండనివ్వండి.