మా సంఘంలో క్యూఆర్ కానుక: 5కి 3 స్టార్లు

మా ఖమ్మం సంఘంలో, అంటే మా చర్చిలో, కానుకల సంచితో పాటు క్యూఆర్ కోడ్ కూడా పెట్టారు. దశమభాగానికి, అంటే ఆదాయంలో పదో వంతు కానుకకి, ఇది చాలా సుఖం. జీతం పడగానే పంపేసి, కింద "దశమభాగం" అనో "సువార్త పని" అనో రాస్తాను. ట్రెజరర్ అన్న నెలనెలా జమాఖర్చులు నోటీసు బోర్డుకు అంటిస్తాడు. సువార్తికుల జీతాలకెంత, పక్క ఊళ్లో ప్రార్థనా షెడ్డుకెంత అన్నీ ఉంటాయి. నాకు అన్నిటికంటే నచ్చింది అదే. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు సొంత కానుకలతోనే ఐఎంఎస్ (ఇండియన్ మిషనరీ సొసైటీ) పెట్టి, మన డోర్నకల్‌కు మిషనరీలను పంపారు. ఆ డబ్బుకీ ఎవరో ఇలాగే లెక్క రాసి ఉంటారు కదా!

నచ్చనివీ ఉన్నాయి. రసీదు అడిగితే తప్ప ఇవ్వరు. కానుకల పాట మొదలవగానే అందరూ ఫోన్లు తీస్తారు, కొందరు అటునుంచి అటే వాట్సాప్‌లోకి వెళ్లిపోతారు. నేనైతే ఇంట్లోనే పంపేసి వెళ్తాను. మా అత్తమ్మ మాత్రం ఎసరు పెట్టేటప్పుడల్లా పిడికెడు బియ్యం పక్కకు తీసి, ఆదివారం సంచిలో పోసుకొస్తుంది. దానికి ఏ కోడూ లేదు, కాబట్టి చర్చిలో బియ్యం డబ్బా తీసేయకండి పాస్టరయ్యగారూ.

కానుకలపై ఆదాయపు పన్నులో 80జీ మినహాయింపు కావాలనుకునేవాళ్లు ముందే అడగండి, మా సంఘానికి అది లేదు.