నల్గొండలో షేక్ డబ్బాల సెంటర్‌కి వెళ్తున్నారా? షుగర్ ఉన్నవాళ్లు ముందు ఇది చదవండి

బరువు తగ్గిస్తామని షేకు పొడి డబ్బాలు అమ్మే సెంటర్ ఇది, ఏదో ఊళ్లో వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. తెల్లారకముందే మేడ మీద చప్పట్లు, పాటలు, గ్లాసులో గులాబీ రంగు షేకు. పేరు రాస్తే రేపు నా మీదే కేసు అంటారు కాబట్టి రాయట్లేదు. కోచ్ గారూ, మీరు కూడా చదువుతారని తెలుసు, బాగా చదువుకోండి.

నాది కుట్టు మిషన్ ముందు కూర్చునే పని. నలభై దాటాయి, షుగర్ ఉంది, మెట్లెక్కితే మోకాళ్లు పట్టేస్తాయి. తెలిసినావిడే వచ్చి "అక్కా, నెలల ఎనిమిది కిలోలు తగ్గుతవ్, గ్యారంటీ" అంది. డబ్బాలు, ఏదో టీ పొడి, "పర్సనల్ కోచింగ్" అన్నీ కలిపి 8,400. ఫోన్‌పే కొట్టించుకున్నది వాళ్లాయన నంబరుకి, బిల్లు అడిగితే తెల్ల కాగితం మీద లెక్క రాసిచ్చింది. కాగితం చూడగానే లేచి రావాలి కదా, అంత తెలివి ఉంటే ఈ పోస్టు ఎందుకు రాస్తాను. పొద్దున షేకు, రాత్రి షేకు, మధ్యాహ్నం చారెడు అన్నం. ఇదీ కోచింగ్.

మొదటి వారంలో మూడున్నర కిలోలు తగ్గాను. అందరి మధ్యలో నిలబెట్టి మెడలో దండ వేశారు, ఫొటో తీశారు. ఫొటో ఎప్పుడూ మొదటి వారంలోనే తీస్తారు, తర్వాత కాటా ముల్లు కదలనప్పుడు ఎవరి ఫోనూ బయటికి రాదు, గమనించండి.

తర్వాత ఒక రాత్రి షేకు తాగి, రోజూ వేసుకునే షుగర్ గోళీ వేసుకుని పడుకున్నాను. నడిరాత్రి ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు, మాట తడబడుతోంది. మా అబ్బాయి షుగర్ చూసే మిషన్‌తో చూస్తే 54. చక్కెర నీళ్లు తాగించి పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. 70 కంటే తగ్గితేనే ప్రమాదం అట. నా గోళీలో గ్లిమిపిరైడ్ ఉంది, అది తిండి తిన్నా తినకపోయినా షుగర్‌ని కిందికి లాగుతూనే ఉంటుంది, తిండి తగ్గించాలనుకుంటే ముందు గోళీ డోసు గురించి మమ్మల్ని అడగాలి కదమ్మా అని డాక్టరమ్మ కోప్పడింది. నాకు షుగర్ ఉందని, ఫలానా గోళీ వాడుతున్నానని సెంటర్‌లో మొదటిరోజు ఫామ్ మీద రాసిచ్చాను. ఒక్కరైనా చదివితే కదా.

పొద్దున కోచ్‌కి ఫోన్ చేసి జరిగింది చెప్తే "అది టాక్సిన్స్ బయటికి పోవుడు అక్కా, మంచి సూచన, ఆపకు" అంది. ప్రాణం పోయినా టాక్సిన్స్‌తో కలిసి పోయిందనే అనేదేమో.

సరే, డబ్బులు పోయాయి, ప్రాణం దక్కింది అనుకుని ఊరుకునేదాన్నే. అసలు సంగతి ఆ తర్వాత తెలిసింది. మా ఎదురింటి వదిన వచ్చి, "నువ్వు షుగర్ గోళీలు మొత్తం బంద్ చేసినవంట గద, నేను గూడ చేసిన, అదే సెంటర్ల చేరిన" అంది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. వాళ్ల అబ్బాయి ఫోన్ తీసి చూపించాడు. కోచ్ వాట్సాప్ స్టేటస్‌లో నేను, మెడలో దండతో, పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతూ. కింద పెద్ద అక్షరాలతో "షుగర్ మందులు పూర్తిగా మానేశారు! మీరూ రండి!"

నేను సగం గోళీ కూడా మానలేదు. ఆస్పత్రిలో పడుకుని వచ్చాను. నా మొహం చూసి, నా మీద నమ్మకంతో, ఆ పిచ్చి మనిషి గోళీలు మానేసింది. పరీక్ష చేయిస్తే ఆమె షుగర్ 380. ఆ అంకె చూసినప్పటి నుంచి నాకు నిద్ర లేదు.

వెంటనే సెంటర్‌కి వెళ్లాను. కొత్తవాళ్లు ఒక ఐదారుగురు కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. స్టేటస్ తీసేయమని, రాసింది అబద్ధమని వాళ్లందరికీ చెప్పమని, మిగిలిన డబ్బాలు తీసుకుని నా డబ్బులు ఇమ్మని నెమ్మదిగానే అడిగాను. అప్పటిదాకా అక్కా అక్కా అని చేతులు పట్టుకున్న మనిషి కుర్చీలోంచి కూడా లేవలేదు. "ఫామ్ మీద సంతకం పెట్టింది మీరే మేడమ్, ఫొటో మేం వాడుకోవచ్చు." మరి షుగర్ గోళీల సంగతి? "పదిమందికి మోటివేషన్ అని రాసినం, అండ్ల తప్పేముంది?" డబ్బులు? "సీల్ తీసిన డబ్బా ఎవరన్న వాపస్ తీసుకుంటరా? నోరు కట్టుకోవుడు చేతగానోళ్లు వచ్చి మా మీద పడితే ఎట్ల?"

ఆ మాటకి ఆ కొత్తవాళ్లందరూ ఒకేసారి నా పొట్ట వైపు చూశారు. నా నోట మాట రాలేదు. వాళ్లలో ఒకావిడ నా ముందే ఫామ్ నింపి ఇచ్చింది.

ఇప్పుడు ఆ మూడున్నర కిలోల మహిమ వినండి, ఆస్పత్రిలో డైటీషియన్ కాగితం మీద లెక్క వేసి చూపించింది. ఒక కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 క్యాలరీల లోటు రావాలి. వారంలో మూడున్నర కిలోల కొవ్వు అంటే రోజుకి 3,850 క్యాలరీల లోటు. నేను రోజంతా తిన్నా అంత తినను, ఇంక లోటు ఎక్కడి నుంచి తెస్తాను! పోయింది ఎక్కువగా నీళ్లు. అన్నం, రొట్టె ఒక్కసారిగా తగ్గిస్తే కాలేయంలో, కండరాల్లో దాచుకున్న గ్లైకోజెన్ (ఒంట్లో నిల్వ ఉండే చక్కెర) ఖర్చయిపోతుంది, అది ఒక గ్రాము పోతే దాంతోపాటు మూడు గ్రాముల దాకా నీళ్లు పోతాయి. మళ్లీ మామూలుగా తింటే ఆ నీళ్లు తిరిగి వస్తాయి. అదే మొదటి వారం దండ.

నిజంగా తగ్గాలంటే వారానికి అర కిలో చాలంటోంది ఆ డైటీషియన్. జొన్నరొట్టె తింటే ఎంతైనా తినొచ్చని నేను అనుకునేదాన్ని. జొన్నలకీ బియ్యానికీ క్యాలరీల్లో పెద్ద తేడా లేదట, జొన్నలో పీచు ఎక్కువ కాబట్టి కడుపు తొందరగా నిండుతుంది, అంతే. రెండు రొట్టెలు, పళ్లెంలో సగం కూరగాయలు, పప్పో గుడ్డో, నూనె కొలిచి వాడడం, దావత్‌కి వెళ్తే బగారన్నం ఒక్కసారే వడ్డించుకోవడం. వారానికి కనీసం 150 నిమిషాలు చెమట పట్టేలా నడక, రెండు రోజులు కండరాలకి పని. ఎన్‌జీ కాలేజీ గ్రౌండ్‌లో నడవడానికి ఎవరూ డబ్బులు అడగరు. మోకాళ్ల కోసం కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోమంది, ఇంట్లో అదీ చేస్తున్నాను. మెల్లగా తగ్గుతున్నాను, దండలు వేసేవాళ్లు మాత్రం ఎవరూ లేరు.

ఇంకో మాట. షుగర్, ఊబకాయం నయం చేస్తామని మందులకి ప్రకటనలు ఇవ్వకూడదని 1954 నుంచే చట్టం ఉంది. మాది మందు కాదు ఫుడ్డు అంటారు, ఫుడ్డు అయినా జబ్బు నయం చేస్తుందని చెప్పుకోవడానికి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (తిండి పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) నిబంధనలు ఒప్పుకోవు. డబ్బా మీద 14 అంకెల లైసెన్స్ నంబరు చూపించి "గవర్నమెంటే ఒప్పుకుంది" అంటారు, అది వ్యాపారానికి ఇచ్చిన లైసెన్స్, మీ కొవ్వు కరుగుతుందని ఎవరూ రాసివ్వలేదు.

చేరక తప్పదు అనుకుంటే బిల్లు తీసుకోండి, సంతకం పెట్టే ముందు ఫొటోల గురించి ఏం రాసి ఉందో చదవండి, డాక్టర్ చెప్పకుండా ఒక్క గోళీ కూడా మానకండి. ఎదురింటి వదిన మళ్లీ గోళీలు మొదలుపెట్టింది, నాతో ఇంకా సరిగ్గా మాట్లాడట్లేదు, ఆమెని ఏమీ అనలేను.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు వాటికి ఫీజు లేదు, లాయర్ లేకపోయినా వేయొచ్చు, రెండేళ్ల లోపు వేయాలి. ఫోన్‌పే స్క్రీన్‌షాట్, స్టేటస్ స్క్రీన్‌షాట్, ఆ తెల్ల కాగితం, ఆస్పత్రి చీటీ అన్నీ నా దగ్గర ఉన్నాయి. మీ ఫొటో కూడా ఇలాగే వాడి ఉంటే కామెంట్‌లో చెప్పండి, కలిసి వెళ్దాం.