ఇస్తరాకు, ప్రెస్ ప్లేటు, సిల్వర్ ప్లేటు: బంతి భోజనానికి ఏది కొనాలి?

పెళ్ళికో, గృహప్రవేశానికో, పెద్దకర్మకో భోజనాలు పెట్టేవాళ్ళు విజయనగరం గంటస్తంభం చుట్టుపక్కల కొట్లకి వెళ్ళి మొదట అడిగేది ‘వంద ఎంత?’ అనే. అందులో చారన్నం తినగలమా లేదా అన్నది బంతి లేచాక తెలుస్తుంది. ఈ మధ్య పిల్లలకి పంక్తిలో తినడం రాదని పెద్దలు గొణుగుతారు కదా, ఆ గొణుగుడులో సగం ప్లేటుకి చెందాలి. చేతిలో పట్టుకున్న పల్చటి ప్లేటు వంగిపోతుంటే ఎంత పద్ధతైన మనిషి అయినా గబగబా మింగి బయటపడాలనే చూస్తాడు. అందుకే ఇక్కడ దొరికే రకాలని బంతిలో కూర్చునేవాడి వైపు నుంచి, వడ్డించేవాడి వైపు నుంచి చూసి రాస్తున్నాం. ముహూర్తాల రోజుల్లో ధర పూటకో మాట కాబట్టి అంకెలు వేయడం లేదు.

ముందుగా చేతికుట్టు అడ్డాకు విస్తరి. మన వాడుకలో ఇస్తరాకు. అడ్డ తీగ పెద్ద చెట్లని అల్లుకుని పైకి పాకే అడవి తీగ. ఆకు మధ్యలో చీలి, రెండు రెక్కలు అతికినట్టు ఉంటుంది. సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం కొండల్లో సవర, జాతాపు కుటుంబాలు కోసుకొస్తారు. 2022 ఏప్రిల్ నుంచి ఆ మండలాలు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళినా ఆకు మాత్రం ఎప్పటిలాగే కిందికి దిగుతోంది. ముదురాకుని ఆరబెట్టి, వెదురు ఈనెలతో ఒకదాని అంచు మీద ఒకటి వేసి గుండ్రంగా కుడతారు. ఆకు సైజుని బట్టి ఒక్కో విస్తరికి ఐదు నుంచి ఎనిమిది ఆకులు పడతాయి.

కట్ట కొనేముందు పై విస్తరిని కాదు, మధ్యలోంచి ఒకటి లాగి చూడండి. అడ్డాకు పైభాగం నున్నగా ఉంటుంది, అడుగున తుప్పు రంగు నూగు ఉంటుంది. నునుపు వైపు పైకి వచ్చేలా కుట్టాలి. హడావిడిలో ఒకటీ అరా ఆకు తిరగబడితే ఆ నూగు ముద్దకి అంటుకుని గొంతులో గరగరలాడుతుంది. తర్వాత అరచేతితో ఒకసారి నిమరండి. ఈనె కొస పైకి పొడుచుకొచ్చి ఉంటే వేలికి తగులుతుంది. పిల్లల విస్తళ్ళకి ఇది తప్పనిసరిగా చూడాలి, ఈనె ముక్క అన్నంలో కలిస్తే ప్రమాదం. మూడోది, దాన్ని వెలుతురుకి ఎత్తి నడిమధ్య చూడండి. ఆకులన్నీ కలిసే చోట చుక్కంత వెలుగు కనబడినా చారు అక్కడ్నుంచే కారుతుంది. నడిమికి ఇంకో చిన్న ఆకు అతికించి కుట్టినది దొరికితే అదే తీసుకోండి. చివరగా వాసన. పూర్తిగా ఆరకుండా కట్ట కట్టేస్తే లోపల తెల్లటి బూజు పడుతుంది. తుడిస్తే బూజు పోతుంది గాని ముక్క వాసన పోదు, వేడన్నం పడగానే లేస్తుంది. వానాకాలంలో కొనేవాళ్ళు దీని మీద బేరమాడకుండా వేరే కట్ట అడగాలి.

ఎండిన ఇస్తరాకు పెళుసు. అలాగే వేసేస్తే గరిటె తగలగానే చిట్లుతుంది. వడ్డనకి అరగంట ముందు నీళ్ళు చిలకరించి, తడిబట్ట కప్పి ఉంచితే మెత్తబడి బల్లకి సర్దుకుంటుంది. రాత్రి నుంచే తడిపి ఉంచితే మాత్రం మళ్ళీ బూజు గొడవ. మూడొందల మందికి మూడొందల యాభై విస్తళ్ళు తెచ్చుకోండి. చిరిగినవి, అడుగున రెండోది వేయాల్సినవి కలిపి ఆ యాభై ఇట్టే అయిపోతాయి.

దీనికి అంచు ఉండదు. లోపమే, కానీ మన భోజన మర్యాదలో సగం ఈ లోపం చుట్టూనే అల్లుకుంది. అన్నం పడగానే చేత్తో చుట్టూ గట్టు కట్టి, మధ్యలో గుంట చేసి, పులుసుకీ చారుకీ చోటు చూసుకోవాలి. అన్నమంతా ఒకేసారి కలిపేస్తే గట్టుకి మిగలదు, కాబట్టి పప్పుకి కొంత, దప్పళానికి కొంత, చారుకి కొంత విడదీసుకునే అలవాటు తనంతట అదే వస్తుంది. ముద్ద వేళ్ళతోనే కలపాలి, అరచేయి దాకా రాకూడదు. వడ్డించేవాడు గరిటెని విస్తరికి నాలుగు వేళ్ళ ఎత్తులో ఆపి, గుంటలోకే సన్నగా పోయాలి. గరిటె విస్తరికి తగిలిందా, ఎంగిలి. పైనుంచి పోశాడా, గట్టు తెగి పక్కవాడి ఒడిలోకి చారు. తినేవాడికైనా, వడ్డించేవాడికైనా కాస్త ఒద్దిక లేకపోతే ఇస్తరాకు మీద భోజనం సాగదు.

వద్దనడానికీ ఒక పద్ధతి ఉంది. విస్తరిని చేత్తో కప్పేస్తే వేడి గరిటె చేతి మీదికి వస్తుంది. గరిటె గిన్నెలో మునగకముందే, విస్తరికి జానెడు ఎత్తులో చెయ్యి అడ్డం పెట్టి ‘చాలు బాబూ’ అనాలి. వడ్డించేవాళ్ళు ‘మొహమాటపడకు మావయ్యా, ఇంకో బూరె’ అని ఒకసారి బతిమాలడం ముచ్చటే. రెండోసారి కూడా వద్దన్నాక పడేసే బూరె చెత్తకుప్పకే పోతుంది.

ఈ పద్ధతులు పిల్లలకి ఎవరూ కూర్చోబెట్టి పాఠంలా చెప్పింది లేదు. బంతిలో తినడం కంటే ముందు బంతికి వడ్డించడంలో వచ్చాయవి. ఏడెనిమిదేళ్ళ పిల్లకి ఉప్పు గిన్నె ఇస్తారు. పొరపాటున ఎక్కువ పడినా తుడిచేయొచ్చు. తర్వాత మంచినీళ్ళు, ఆ తర్వాత వడియాలు, అప్పడాలు. చెయ్యి కుదిరాక కూరలు, పులిహోర. వేడి పప్పు, నెయ్యి, చారు పెద్దవాళ్ళ చేతుల్లోనే ఉంటాయి. నాలుగు బంతులు వడ్డించిన పిల్లకి అన్నం ఎవరికి అందలేదో, ఎవరు చెయ్యి ఆపి ఎదురుచూస్తున్నారో కనబడిపోతుంది. రేపు తను కూర్చున్నప్పుడు పక్కవాళ్ళ విస్తట్లో నెయ్యి పడేదాకా ముద్ద ఎత్తదు. కేటరింగు వాళ్ళతో మాట్లాడుకునేటప్పుడే ఉప్పు, నీళ్ళు, వడియాలు ఇంటి పిల్లలు వడ్డిస్తారని చెప్పి ఉంచండి. వాళ్ళకీ ఇద్దరు మనుషులు మిగులుతారు.

రెండో రకం ప్రెస్ ప్లేటు. అదే అడ్డాకుని మిషను మీద దారంతో కుట్టి, అడుగున అట్ట పెట్టి, వేడి అచ్చులో నొక్కుతారు. అంచు లేస్తుంది, ఈనె గుచ్చుకునే భయం లేదు, ఒకదాన్లో ఒకటి చక్కగా పేర్చుకోవచ్చు. బఫేకి అయితే దీన్నే కొనమంటాం, ఒక చేత్తో పట్టుకోవడానికి అంచు కావాలి మరి. పది అంగుళాలది టిఫిన్లకే సరి, భోజనానికి పన్నెండు అంగుళాలది ఉండాలి. అందులోనూ అన్నం, రెండు కూరలు, గారె, పెరుగు ఒకేసారి పోగేస్తే నడిమికి వంగుతుంది. రెండుసార్లు వెళ్ళి వడ్డించుకోవడం లేకితనం అనుకుని ఒకేసారి గుట్ట పోసుకునేవాళ్ళ ప్లేట్లే ముందు వంగుతాయి. బఫేలో మర్యాద రెండోసారి వెళ్ళడమే.

ప్రెస్ ప్లేట్లలో ఒక మోసం ఉంది. కొన్నిటిలో ఆకుకీ అట్టకీ మధ్య పల్చటి ప్లాస్టిక్ పొర వేస్తారు. అంచు దగ్గర నెమ్మదిగా చింపి చూడండి. ఆకు, అట్ట తెగినా ఇంకేదో సాగుతూ కనబడితే అది ప్లాస్టిక్కే. పొర లేని ప్లేట్లో చారు ఎక్కువసేపు నిలవదు, అట్ట నానుతుంది. పక్కన చిన్న దొప్ప పెట్టించుకుంటే ఆ బాధ తీరుతుంది.

మూడోది సిల్వర్ పేపరు ప్లేటు. తేలిక, చవక, ఎక్కడైనా దొరుకుతుంది. ఫ్యాను గాలికి ఎగురుతుంది కాబట్టి ముందే వేసి ఉంచలేరు. వేడి పప్పు పడితే అడుగు మెత్తబడుతుంది. ముద్ద కలిపేటప్పుడు ఎడమ చేత్తో పట్టుకోకపోతే చెయ్యి ఎటు కదిలితే అటు జరుగుతుంది. ఇక ఆ ఎడమ చెయ్యి నీళ్ళ గ్లాసుకి ఖాళీగా ఉండదు. ప్రసాదానికి పనికొస్తుందేమో, భోజనానికి కొనకండి. ప్లాస్టిక్, థర్మకోల్ ప్లేట్ల సంగతి సరేసరి, వాటిని 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధించారు.

అరిటాకుకి వంక పెట్టేది తక్కువే. సన్నటి కొస తినేవాడి ఎడమకి రావాలి, వెడల్పు వైపు అన్నం పడేది కుడిచేతికి అందేలా. నడి ఈనె అడుగున మరీ లావుగా ఉంటే ఆకు బల్ల మీద ఊగుతుంది, ఆ లావుని కొద్దిగా చెక్కించాలి.

ఏ ప్లేటు కొన్నా చెడగొట్టేవి ఇంకో రెండున్నాయి. ఒకటి నీళ్ళ సీసా. సీలు ఉన్న చిన్న సీసా పక్కన పెట్టేస్తే, ఎంగిలి చేత్తో మూత ఎలా తిప్పాలి? పళ్ళతో లాగేవాళ్ళని తప్పుపట్టి లాభం లేదు. కూర్చోగానే మూత వదులు చేసుకోమని వడ్డించేవాళ్ళే ఒక మాట అనాలి. రెండోది కుర్చీ వెనక కాపలా. తినేవాడు పెరుగన్నంలో ఉండగానే తర్వాతి బంతివాళ్ళు కుర్చీ పట్టుకుని నిలబడతారు. వీళ్ళకి మర్యాద నేర్పాలంటే అయ్యే పని కాదు. హాలు గుమ్మం దగ్గర ఇద్దరు ఇంటివాళ్ళు నిలబడి, బల్లలు తుడిచాకే లోపలికి పంపితే చాలు. బల్ల మీద పరిచే పేపరు రోలుని కూడా చివరి మనిషి లేచాకే చుట్టాలి. ఇంకా ఒకాయన చారు తాగుతుండగా అటు చివర్నుంచి పేపరు లాక్కొస్తే ఆయన విస్తరి కూడా కదులుతుంది.

భోజనం అయ్యాక ఇస్తరాకుని, అరిటాకుని మధ్యకి మడవాలి. శుభకార్యంలో తనవైపుకి మడిచే ఆనవాయితీ చాలా ఇళ్ళలో ఉంది. పట్టింపు ఉన్నా లేకపోయినా మడత వల్ల ఎత్తేవాళ్ళ బట్టల మీద చారు చిందదు. ప్రెస్ ప్లేటు మడవబోతే అట్ట విరిగి మిగిలిన పులుసంతా బల్ల మీద పడుతుంది. ప్రెస్ ప్లేట్లు కొన్నవాళ్ళు బల్ల వరస చివర ఒక టబ్బు పెట్టించి, మిగిలింది అందులో దులిపి, ఖాళీ ప్లేట్లు పక్కన విడిగా పేర్చమని ఎత్తేవాళ్ళకి చెప్పాలి. ఈనెలున్న ఇస్తరాకుల కుప్పని ఆవుల ముందు పోయకండి.