పాత రాక్ వినాలంటే ముందు ఎవరు? బీటిల్సా, పింక్ ఫ్లాయిడా, లెడ్ జెపెలినా?

"మావాడికి పదిహేనేళ్ళు. వాడంతట వాడే పాత రాక్ పాటలు వెతుక్కుంటున్నాడు. ముందు ఎవరివి వినిపించమంటారు?"

ఈ రెండు మూడేళ్ళలో ఈ ప్రశ్న నన్ను చాలామందే అడిగారు. అమ్మానాన్నలు అడిగారు, ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాళ్ళూ అడిగారు. 1960ల్లో, 70ల్లో వచ్చిన పాటలివి. ఇప్పుడు వినే పిల్లలకి తాతయ్యల కాలం నాటివి. ఇన్నాళ్ళూ నా దగ్గర ఒకటే జవాబు ఉండేది: బీటిల్స్‌తో మొదలుపెట్టండి, మిగతావాళ్ళ దగ్గరికి వాళ్ళే దారి చూపిస్తారు. మొన్న వేసవి సెలవులకి మా అక్క కొడుకు వచ్చి నెల రోజులు మా ఇంట్లో ఉన్నాడు. వాడి పక్కన కూర్చుని ఇవన్నీ మళ్ళీ విన్నాక ఆ జవాబు మార్చుకున్నాను.

వాడు నాలుగేళ్ళుగా మృదంగం నేర్చుకుంటున్నాడు. పాట ఏదైనా వాడి చెవి ముందు తాళం మీదికి పోతుంది. ఆ నెలలో నా చెవికీ అదే అలవాటైంది. ఈ తీర్పులో ఆ మొగ్గు ఉంటుంది, ముందే చెప్తున్నాను.

పాత రాక్ ఈ తరానికి ఎందుకు ఎక్కుతోందంటే చాలామంది "ఆ రోజుల్లో సంగీతం అలా ఉండేది, ఇప్పుడేముంది" అంటారు. నేను ఒప్పుకోను. ఆ రోజుల్లోనూ నాసిరకం పాటలు కుప్పలుతెప్పలుగా వచ్చాయి. యాభై ఏళ్ళ జల్లెడలో అవి పోయి, మిగిలినవి మనం వింటున్నాం. నాకు తోచిన కారణం వేరు. ఇప్పటి పాటల్ని చాలావరకు కంప్యూటర్ తెర మీద గళ్ళు గీసుకుని కడతారు. వాయించేవాడి చెవిలో తాళం చెప్పే క్లిక్ మోగుతూ ఉంటుంది. అయినా అటో ఇటో జరిగిన దెబ్బని తర్వాత గడిలోకి సర్దుతారు, పక్కకి పోయిన గొంతుని శ్రుతిలోకి లాగుతారు. అది తప్పేం కాదు, ఆ పద్ధతిలోనూ గొప్ప పాటలు వస్తున్నాయి. కానీ పుట్టినప్పటి నుంచి అదే విన్న పిల్లలకి, నలుగురు ఒక గదిలో ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ వాయించింది వినపడగానే తేడా తెలిసిపోతుంది. అదేమిటో చెప్పలేరు, తెలుస్తుందంతే.

మన ఊళ్ళలో చెక్కభజన చూసినవాళ్ళకి ఇది కొత్త విషయం కాదు. నిదానంగా మొదలవుతుంది, అడుగడుక్కీ ఊపందుకుంటుంది, చివరికొచ్చేసరికి చెక్కలు కంటికి ఆనవు. ఇంత వేగం పెంచుదామని ఎవరూ కొలిచి పెంచరు. ఒకరి ఊపు ఒకరికి అంటుకుంటుంది.

అందుకే బీటిల్స్, పింక్ ఫ్లాయిడ్, లెడ్ జెపెలిన్ అనే ఈ మూడు ఇంగ్లండు బృందాల్నీ నేను ఒక్క ప్రశ్నతోనే తూచాను: రికార్డులో మనుషులు ఎంత దగ్గరగా వినపడుతున్నారు?

ఆ లెక్కన చూసినా బీటిల్స్‌కి లోటేం లేదు. వాళ్ళ మొదటి ఆల్బమ్ 'ప్లీజ్ ప్లీజ్ మీ'లో పద్నాలుగు పాటలుంటే, పది పాటలు 1963 ఫిబ్రవరి 11న ఒక్క రోజులో పూర్తయ్యాయి, లండన్ ఆబీ రోడ్డులోని ఇ.ఎం.ఐ. స్టూడియోలో. బృందంలో పాడే జాన్ లెనన్‌కి ఆ రోజు జలుబు. 'ట్విస్ట్ అండ్ షౌట్' పాడితే గొంతు పోతుందని దాన్ని ఆఖరికి ఉంచారు. ఆ పాటలో గొంతు గీరుకుపోవడం ఇప్పటికీ చెవికి తగులుతుంది. మొదటి పాటకి ముందు పాల్ మెకార్ట్నీ "ఒన్, టూ, త్రీ, ఫోర్" అని లెక్కపెట్టడాన్ని కూడా తియ్యకుండా ఉంచేశారు.

చిక్కెక్కడంటే, పిల్లలు బీటిల్స్ దగ్గరికి ఆ ఆల్బమ్ దారిన రారు. పేరున్న 1967 'సార్జెంట్ పెప్పర్స్' దగ్గరికో, 1969 'ఆబీ రోడ్' దగ్గరికో ముందు వస్తారు. 1966 ఆగస్టు తర్వాత బీటిల్స్ కచేరీ యాత్రలు మానేశారు. అక్కణ్ణించి స్టూడియోనే వాళ్ళ వాద్యం. 'సార్జెంట్ పెప్పర్స్'ని నాలుగు ట్రాకుల (విడివిడి శబ్దపు పొరల) టేపు మీద పొర మీద పొర వేసి కట్టిన ఆ పనితనానికి నేను ఇప్పటికీ దండం పెడతాను. అయితే మొదటిసారి వినేవాడికి ఎవరు ఎక్కడ ఏం వాయిస్తున్నారో అంతుపట్టదు. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. తొలి రెండు ఆల్బమ్‌ల స్టీరియో ప్రతుల్లో వాద్యాలు దాదాపుగా ఎడమ పక్క, గొంతులు కుడి పక్క ఉంటాయి. రెండే ట్రాకుల మీద రికార్డు చేసిన ఫలితం అది. మన పిల్లలు ఒక చెవిలో ఇయర్‌బడ్ పెట్టుకుని రెండో చెవిని ఇంటికి వదిలేస్తారు కదా, వాళ్ళకి సగం పాటే అందుతుంది. దొరికితే రెండు చెవుల్లోనూ ఒకే శబ్దం వచ్చే మోనో ప్రతి వినిపించండి.

పదేళ్ళ లోపు పిల్లలైతే మాత్రం రెండో ఆలోచన వద్దు, బీటిల్సే. పాట రెండు మూడు నిమిషాలు, రెండుసార్లు వింటే నోటికొచ్చేస్తుంది.

పింక్ ఫ్లాయిడ్ దగ్గర మావాడు నన్ను ఆశ్చర్యపరిచాడు. 1973 మార్చిలో వచ్చిన 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' పెట్టాను. నాణేల గలగల, గల్లాపెట్టె చప్పుడు ఒక వరసలో తిరుగుతూ 'మనీ' మొదలైంది. బేస్ గిటార్ అందుకున్న కాసేపటికి వాడి వేళ్ళు తొడ మీద ఆడటం మొదలుపెట్టాయి.

"మావయ్యా, ఇది ఏడు కదా?"

ఏడే. మిశ్రచాపు విన్న చెవికి ఏడు అక్షరాల నడక వింత కాదు. రాక్ వినేవాళ్ళకి మాత్రం అప్పట్లో అది విడ్డూరం. శాక్సఫోన్ కూడా ఆ ఏడులోనే సాగుతుంది. గిటార్ సోలో వచ్చేసరికి లెక్క నాలుగులోకి మారుతుంది. మావాడు ఆ మలుపు దగ్గర చెయ్యి ఆపి నా వైపు చూశాడు. ఆ చూపు కోసమైనా ఈ పాట వినిపించాలి.

ఆ ఆల్బమ్‌లోనే 'ద గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై' ఉంది. ఒక్క మాట లేకుండా గొంతుతోనే గుండె పిండిన పాట. పాడినామె పేరు క్లేర్ టోరీ. ఒక ఆదివారం సాయంత్రం వచ్చి పాడి, 30 పౌండ్లు తీసుకుని వెళ్ళిపోయింది. చాలా ఏళ్ళ తర్వాత కోర్టుకెళ్ళి, 2005లో కుదిరిన రాజీతో ఆ పాట కట్టినవాళ్ళలో తన పేరూ చేర్పించుకుంది. అది న్యాయం అనుకుంటాను నేను.

ఫ్లాయిడ్‌కి ఒక షరతు ఉంది. పాటకీ పాటకీ మధ్య చాలాచోట్ల సందు ఉండదు, ఒకదాంట్లోంచి ఇంకోటి పుట్టుకొస్తుంది. షఫుల్‌లో పెడితే చేతికొచ్చేది ముక్కలే. నలభై మూడు నిమిషాలు ఫోను పక్కన పెట్టి, దీపం ఆర్పి, హెడ్‌ఫోన్ పెట్టుకుని వినగలిగే పిల్లలకి దీన్ని మించింది లేదు. నా అనుభవంలో ఒంటరితనం ఇష్టపడే పిల్లలకి ముందు పట్టేది ఇదే. అయినా నా ప్రశ్నకి ఇది పూర్తి జవాబు కాదు. 'ఆన్ ద రన్' లాంటివి సింథసైజర్ మీద యంత్రపు నడకతో కట్టినవి. వింటుంటే గది కంటే ఆకాశం ఎక్కువ కనపడుతుంది.

గది వినపడేది లెడ్ జెపెలిన్‌లో.

1970లో వచ్చిన మూడో ఆల్బమ్‌లో 'సిన్స్ ఐ హావ్ బీన్ లవింగ్ యూ' అని ఏడు నిమిషాల బ్లూస్ (అమెరికా నల్లజాతివాళ్ళ పాట బాణీ) పాట ఉంది. చాలా నెమ్మదిగా నడుస్తుంది. పెట్టిన కాసేపటికి మావాడు లేచి స్పీకరు దగ్గరికెళ్ళి చెవి ఆనించాడు.

"ఏదో కిర్రుమంటోంది మావయ్యా. స్పీకరు పోయిందా?"

స్పీకరు కాదు. డ్రమ్స్ వాయించే జాన్ బోనమ్ కాలి కింద పెడల్‌ది ఆ కిర్రు. నూనె చాలని బావి గిలక లాంటి చప్పుడు. తొక్కినప్పుడల్లా కిర్రుమంటుంది, వాద్యాలన్నీ తగ్గినచోట మరీ స్పష్టంగా. ఇవాళైతే దాన్ని నిమిషంలో తుడిచేసి ఉండేవారు. వాడు ఆ పాటని నాలుగుసార్లు పెట్టించుకున్నాడు, కిర్రు కోసమే. నాలుగోసారి కాలు తొక్కే ఒడుపు పట్టుకున్నాడు: దెబ్బ పడటానికి రవ్వంత ముందు కిర్రు వస్తోందట. యాభై ఏళ్ళ కిందట లండన్లో ఒకడు కాలెత్తిన క్షణం ఇక్కడ ఒక పదిహేనేళ్ళ పిల్లాడికి తెలుస్తోంది. వయసులూ దేశాలూ దాటి ఈ సంగీతం ఎందుకు నిలబడిందంటే నేను చూపించేది ఇదే.

1971లో వచ్చిన నాలుగో ఆల్బమ్‌ని చాలావరకు ఇంగ్లండులోని హ్యాంప్‌షైర్ పల్లెలో హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనంలో రికార్డు చేశారు. ఒకప్పుడు పేదల్ని ఉంచి పని చేయించుకున్న ఇల్లది. 'వెన్ ద లెవీ బ్రేక్స్' కోసం డ్రమ్స్‌ని మెట్ల కింది హాల్లో పెట్టి, పైన మెట్ల దగ్గర నుంచి రెండు మైకులు వేలాడదీశారు. డ్రమ్ముకో మైకు లేదు. ఆ రెండు మైకులకీ దెబ్బ ఎంత వినపడిందో గోడలు తిప్పికొట్టిన మోత కూడా అంత వినపడింది. దానికి కొంచెం ఎకో కలిపి, టేపుని కాస్త నెమ్మది చేశారు. ఆ దరువు తర్వాత ఎన్నో ర్యాప్ పాటల్లోకి పాకింది, 2016లో అమెరికా గాయని బియాన్సే ఆల్బమ్‌లో కూడా వచ్చింది. అంటే మీ పిల్లలు తెలియకుండా దాన్ని ఇప్పటికే వినుండొచ్చు.

ఆ పాట అసలు 1929 నాటిది. 1927లో మిసిసిపీ నదికి వచ్చిన వరద మీద మెంఫిస్ మిన్నీ, కాన్సాస్ జో మెకాయ్ కట్టారు. మావాడికి పేరు అర్థం చెప్తూ "ఏటిగట్టు తెగితే అని" అన్నాను. మాది కోనసీమ. గుమ్మంలో కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తున్న మా అమ్మ తలెత్తింది.

"గట్టు తెగితే ఇంత చప్పుడేం రాదురా. నీళ్ళు చల్లగా కాళ్ళ కిందకొస్తాయి."

1986 వరద సంగతులు అప్పుడు మొదలుపెట్టింది. లాంతర్లు పట్టుకుని గట్టు మీద కాపలా కాసిన మగవాళ్ళ గురించి, అటక మీదికెక్కించిన ధాన్యం గురించి. నేను పాట ఆపబోతే మావాడు వద్దన్నాడు. అమ్మ చెప్తూనే ఉంది, కింద బోనమ్ వాయిస్తూనే ఉన్నాడు.

జెపెలిన్‌లో తాళం సంగతి ఇంకా ఉంది. 'స్టెయిర్‌వే టు హెవెన్'లో డ్రమ్స్ నాలుగు నిమిషాలు దాటితే గానీ రావు, వచ్చాక పాట మెల్లగా పరుగందుకుంటుంది. చెక్కభజన అన్నది అందుకే. 1975 నాటి 'కశ్మీర్'లో గిటార్ మూడు లెక్కలో తిరుగుతుంటే డ్రమ్స్ నాలుగులో నిలబడతాయి, పన్నెండుకోసారి కలుస్తాయి. మృదంగం నేర్చుకునే పిల్లలు ఇంట్లో ఉంటే ముందు ఇదే పెట్టండి. బోనమ్ 1980 సెప్టెంబరులో పోయాడు. ఆ డిసెంబరుకి మిగతా ముగ్గురూ బృందాన్ని ముగించేశారు. అతని చోట ఇంకొకర్ని పెట్టుకుని నడపకపోవడం నాకు నచ్చుతుంది.

లోటు లేదని కాదు. పాత బ్లూస్ పాటల్ని తీసుకుని, కట్టినవాళ్ళ పేరు వెయ్యని సందర్భాలు జెపెలిన్‌కి ఉన్నాయి, కోర్టుల దాకా వెళ్ళాయి. పిల్లలకి ఆ సంగతి కూడా చెప్పాలి. గొంతు చించుకునే పాట పడనివాళ్ళకి జెపెలిన్ గాయకుడు రాబర్ట్ ప్లాంట్ మొదట్లో కష్టం.

మిగతావాళ్ళ గురించి కూడా అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. క్వీన్ వేదిక మీద గొప్ప, పిల్లలకి సినిమాల వల్లా స్టేడియాల వల్లా ముందే తెలుసు, మీరు పరిచయం చెయ్యక్కర్లేదు. డీప్ పర్పుల్ గిటార్ కొన్న మొదటి వారానికి. ఈగల్స్ హాస్టల్ గదులకి. రోలింగ్ స్టోన్స్‌ని పాతికేళ్ళు దాటాక వింటే బాగా రుచిస్తారని నా నమ్మకం.

కాబట్టి ఇప్పుడు ఎవరైనా అడిగితే నా వరస ఇది. ముందు జెపెలిన్ నాలుగో ఆల్బమ్, అదీ ఫోను స్పీకరులో కాకుండా, కింది మోత పలికే పెద్ద స్పీకరులో. అది పట్టుకుంటే ఫ్లాయిడ్, ఒక రాత్రంతా తీరిక ఉన్నప్పుడు. ఆ తర్వాత బీటిల్స్, 1963 నుంచి వరసగా. ఈ మూడోది తొందరపెట్టకండి, పదమూడు పాటల దాకా ఓపిక పడితే పద్నాలుగోది 'ట్విస్ట్ అండ్ షౌట్'.